వాడితే పోయేది మంత్రం కాదు

పదకొండున్నర దాటింది. రెండుసార్లు లైటు ఆపి మళ్ళీ లేచాను. సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ, కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడుతూ, కొత్తగా చేరిన బుజ్జి అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "నాదయిపోయింది మావయ్యా, మీరు ఆడుకోండి."

ఏం అయిపోయింది? మూడో లెవెల్ విజార్డు, అంటే మాంత్రికుడి పాత్ర అది. మంత్రం వెయ్యడానికి రోజుకి ఖర్చుపెట్టుకునే స్లాట్లు ఒకటో లెవెల్‌వి 4, రెండోవి 2. మొదటి రౌండులో మ్యాజిక్ మిసైల్ ఒక్కటి వేసింది. ఇంకా ఐదు స్లాట్లు చేతిలో పెట్టుకుని అయిపోయిందంటుంది.

వెంటనే మాతో ఆడే పాత ఆటగాడొకడు "అయితే ఫైర్ బోల్ట్ వెయ్యమ్మా, నేనే దొర్లిస్తా" అని దాని ముందున్న డైస్ తీసేసుకున్నాడు. దొర్లించాడు, కలిపాడు, తగిలిందన్నాడు. పిల్ల కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాతి రౌండూ అంతే. పైగా "కొత్తవాళ్ళకి మంత్రాలెందుకు, కత్తిచ్చి నిలబెట్టాల్సింది" అని నాకు క్లాసు. ఇరవయ్యేళ్ళుగా ఆడుతున్నవాడికి ఎవరి డైస్ వాళ్ళే వెయ్యాలని తెలీదా? సాయం చెయ్యాలనుంటే ఒక్క ప్రశ్న అడగాలి: "దూరంగా ఉన్న ఒక్కణ్ణి కొడతావా, గుంపుని ఆపుతావా?" అడిగి నోరు మూసుకోవాలి. అరనిమిషం పట్టినా సరే. ఒకణ్ణి కొట్టాలంటే ఫైర్ బోల్ట్, ఆపాలంటే వెబ్. ఏది వేసినా అది దాని ఆట అవుతుంది. ఎంవీపీ కాలనీలో దిగబెట్టేదాకా బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు బుజ్జి.

ఇదంతా వాడి మీద కోపంతోనే మొదలెట్టాను. రాస్తుంటే వేరే సంగతి తట్టింది. "అయిపోయింది" అన్న మాట దానికి నేర్పిందెవరు? పోయిన ఆదివారం నేనే. "మంత్రం వాడితే పోతుందే, చూసి వాడు" అన్నాను.

ఆ మాట నాకు హుద్‌హుద్ నాటిది. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. ఈ ఆట ఐదో ఎడిషన్ పుస్తకం ఆ ఆగస్టులోనే వచ్చింది కానీ మా చేతికి ఇంకా రాలేదు. కొవ్వొత్తి పెట్టుకుని పాత 3.5 ఎడిషన్ రూల్సుతో ఆడేవాళ్ళం. అందులో పొద్దున్నే ఏ స్లాటులో ఏ మంత్రమో తేల్చెయ్యాలి. మ్యాజిక్ మిసైల్ రెండుసార్లు కావాలంటే రెండు స్లాట్లలో విడివిడిగా పెట్టుకోవాల్సిందే. పరీక్ష కాగితాలు చింపి ఒక్కో చీటీ మీద ఒక్కో మంత్రం రాసుకునేవాళ్ళం. వేశాక చీటీ చింపెయ్యడమే. కిటికీ అద్దం పగిలి జల్లు కొట్టి, చీటీలు తడిసి, వేళ్ళకి సిరా అంటుకునేది. ఆఖరి చీటీ చింపేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ ఆటలో నిజంగానే వాడితే పోయేది.

ఇప్పుడాడే ఐదో ఎడిషన్‌లో అలా కాదు. బుజ్జి స్పెల్‌బుక్కులో 10 మంత్రాలున్నాయి. పాత్ర తెలివి (ఇంటెలిజెన్స్) అంకె 16, దానికి రూల్సులో +3, లెవెల్ 3, కలిపి రోజుకి 6 సిద్ధం చేసుకుంటుంది. ఆ ఆరూ రోజంతా ఉంటాయి. ఖర్చయ్యేది స్లాటు. ఫైర్ బోల్ట్ లాంటి చిన్న మంత్రాలకి, క్యాంట్రిప్పులంటారు, అదీ ఖర్చవ్వదు. ఈ మూడు ముక్కలు చెప్పకుండా పాత మాట అనేశాను. వాడి తప్పు వాడిదే, ఇది మాత్రం నాది.

అందుకే లేచి అమ్మ అష్టాచెమ్మా డబ్బా తీశాను. ఒక వైపు అరగదీసి తెల్లబడిన చింతపిక్కలు నాలుగు, గవ్వలు రెండు. పిక్క ఒకటో స్లాటు, గవ్వ రెండోది. మంత్రం వేస్తే పిక్క గిన్నెలో పడాలి, మంత్రం రాసిన కార్డు చేతిలోనే ఉండాలి. కాగితం మీద స్లాట్ల గడులు కొట్టేస్తుంటే ఈ తేడా తెలియట్లేదు.

కార్డులూ మళ్ళీ రాశాను. ఈసారి పైన పెద్దక్షరాలతో ఒకటే: డైస్ ఎవరు వెయ్యాలి. ఫైర్ బోల్ట్‌కి తనే, డీ20కి (ఇరవై ముఖాల డైస్) 5 కలిపి, అవతలివాడి ఆర్మర్ క్లాస్ (రక్షణ అంకె) అందుకోవాలి. వెబ్‌కి అవతలివాడు, డైస్ వేసి 13 తెచ్చుకుంటే తప్పించుకున్నట్టు. మ్యాజిక్ మిసైల్ తగలడానికి ఎవరూ వెయ్యక్కర్లేదు. కొత్తవాళ్ళు తడబడేది ఎక్కువగా ఇక్కడే. కాన్సన్‌ట్రేషన్ (ధ్యాస నిలిపి ఉంచడం) కావాల్సిన కార్డులకి ఎర్ర అంచు గీశాను. బల్ల మీద ఎర్రది ఒక్కటే ఉండాలి, వెబ్ నడుస్తుండగా ఇన్విజిబిలిటీ వేస్తే వెబ్ పోతుంది. దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి బలం మీద డైస్ వేసి మంత్రం నిలుపుకోవాలి: కావాల్సింది 10 గానీ, దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది.

ఇంకోటి, పాత్ర లెవెల్‌తో కలిసిపోకుండా మంత్రం లెవెల్‌ని ఇకనుంచి "మెట్టు" అంటాను. మూడో లెవెల్‌కి వచ్చాను కదా, ఫైర్‌బాల్ ఏదని పాపం రెండుసార్లు అడిగింది. అది మూడో మెట్టు మంత్రం, విజార్డుకి ఐదో లెవెల్‌లో గానీ అందదు.

ఫొటో తీసి పంపాను, పొద్దున్న చూస్తుందిలే అని. మేలుకునే ఉంది.

"గవ్వ పెట్టి మ్యాజిక్ మిసైల్ వెయ్యొచ్చా మావయ్యా?"

వెయ్యొచ్చు. మూడు బాణాలకి బదులు నాలుగు. ఒక్కోటీ డీ4కి (నాలుగు ముఖాల డైస్) 1 కలిపి.

"నలుగురికి తలోటీ?"

నీ ఇష్టం, అన్నాను.