రీముల మీద మానిటర్

పోయిన దసరాకి ముందు ఒకరోజు పొద్దున జడ వేసుకుందామంటే కుడి చెయ్యి పైకి లేవలేదు. పదహారేళ్లుగా నాది డీటీపీ పని. పెళ్లి కార్డులు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. డాక్టరు గారు మాత్రలు రాసి "కంప్యూటర్ తగ్గించమ్మా" అన్నారు. తగ్గిస్తే జీతం ఆయనిస్తాడా?

ఆ వారమే అమ్మ ఊరి నుంచి వచ్చింది. షాపుకి అన్నం డబ్బా తెచ్చి, నా వెనక స్టూలు మీద అరగంట కూర్చుంది. "బిడ్డా, నువ్వు గూడ ఆసే పోస్తున్నవ్" అంది.

మాది పోచంపల్లి వైపు. ఇక్కత్ చీరకి రంగులద్దే ముందు పేక దారాన్ని ఆసు మీద పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ పోయి రావాలి, ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. అమ్మ రోజుకి రెండు చీరలకి పోసేది. ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే ఇదే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా వాడకి ఆ యంత్రం వచ్చేసరికే అమ్మ భుజం పోయింది.

"దారం బరువుంటదా? చెయ్యి పోయే దూరమే బరువు" అంటూ నా మౌస్ చూపించింది. నిజమే. కీబోర్డుకి కుడి పక్కనున్న అంకెల భాగాన్ని నేను ముట్టుకోనే ముట్టుకోను. కానీ అది దాటాకే మౌస్. పొద్దస్తమానం మోచెయ్యి ఒంటికి దూరంగా గాల్లో వేలాడుతూ ఉంటుంది. అంకెలు లేని చిన్న కీబోర్డు కొన్నాను. మౌస్ బెత్తెడు ఇటు జరిగింది, మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి వచ్చింది.

మెడది వేరే కథ. చేతిరాత కాపీ బల్ల మీద పరిచి, వంగి చదివి, తలెత్తి కొట్టి, మళ్లీ వంగేదాన్ని. ఇప్పుడు మామగారు రామాయణం చదువుకున్న వ్యాసపీఠం మానిటర్ పక్కన ఉంది, ప్రశ్నపత్రాలు దాని మీదే. మానిటర్ పై అంచు కంటికి సమంగా వచ్చేలా కింద రెండు రీముల కాగితం పెట్టాను. మోచేతులు బల్లకి సమం కావాలని కుర్చీ పెంచితే కాళ్లు వేలాడాయి. కాళ్ల కింద ఇంకో రీము పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది. కాగితం సరస్వతట. వంటింటి పీట తెచ్చుకున్నాను.

నాలుగు నెలల తర్వాత జడ వేసుకుంటున్నాను. వీపు వెనక హుక్కు పెట్టుకోవడం ఇంకా కష్టంగానే ఉంది. ఒత్తుల కోసం షిఫ్ట్ నొక్కీ నొక్కీ అలిసిన చిటికెన వేలి సంగతి అసలు తేలనే లేదు.

ఒకటే చిక్కు. అర్జెంటు ఆర్డరు వస్తే మా ఓనర్ మానిటర్ కింది రీములే లాక్కుపోతాడు. నిన్న సర్పంచ్ అభ్యర్థి కరపత్రాలకి రెండూ పోయాయి. ప్రస్తుతం పాత టెలిఫోన్ డైరెక్టరీల మీద నడుస్తోంది.