కొత్త కుక్కర్ ఇస్తామన్నారు

ప్రెజర్ కుక్కర్ మూత ఎగిరి నా మొహం, మెడ, కుడిచెయ్యి కాలాయి. ఇప్పుడు మోచెయ్యి పూర్తిగా చాపగలను, కుట్టుమిషను మళ్లీ తొక్కుతున్నాను, వినియోగదారుల కమిషన్‌లో వేసిన కేసూ ముగిసింది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఎవరైనా అడిగేది ఒకటే: కంపెనీ మీద కేసు వెయ్యడం మనబోటివాళ్ల వల్ల అవుతుందా అని. అవుతుంది. అయితే లాయరు గడప తొక్కేలోపే ఆ కేసు సగం వంటింట్లో, సగం ఆసుపత్రి క్యాజువాలిటీలో తేలిపోతుంది. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను.

ఆవిరికి గానీ వేడి పప్పుకి గానీ కాలితే, కాలిన చోట కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాలు పడనివ్వాలి. ఐసు వద్దు. పసుపు, టూత్‌పేస్టు, ఇంకు ఏవీ రాయొద్దు. డాక్టర్లు అవన్నీ కడిగి తీసేటప్పుడు చర్మం కూడా ఊడి వస్తుంది. గాజులు, ఉంగరాలు, గొలుసులు వాపు రాకముందే తీసెయ్యాలి. మెడ కాలినప్పుడు సూత్రాల గొలుసు తియ్యడానికి ఇంట్లో పెద్దవాళ్లు జంకుతారు. మా అత్తయ్య జంకలేదు. తనే తీసి తన మెడలో వేసుకుని, "ముందు నువ్వు బతుకు తల్లీ" అంది. ఆవిడ ఆలస్యం చేసి ఉంటే ఆ వాపులో గొలుసు కత్తిరించి తియ్యాల్సి వచ్చేదని తర్వాత డాక్టరే చెప్పారు.

మనిషిని ఆసుపత్రికి పంపాక ఇంట్లో మిగిలినవాళ్లు చెయ్యాల్సిన పని ఒకటుంది. వంటగది కడగొద్దు, ముఖ్యంగా కుక్కర్ కడగొద్దు. స్టవ్ కట్టేసి, గ్యాస్ రెగ్యులేటర్ ఆపి, ఎక్కడివక్కడ ఉంచి ఫోటోలు తియ్యాలి. మూత ఎక్కడ పడింది, విజిల్ ఎక్కడ పడింది, పప్పు ఏ ఎత్తుదాకా చిమ్మింది, గిన్నెలో ఎంత మిగిలింది, అన్నీ రావాలి. మా మరిది ఆ ఫోటోలు తీశాడు. మూత లోపలి వైపు దగ్గరగా తీసిన ఫోటోలో విజిల్ కూర్చునే గొట్టం రంధ్రానికి కందిపప్పు పొట్టు అడ్డంపడి ఉంది. గాస్కెట్ అంచున అచ్చులో పోసిన కంపెనీ పేరు అక్షరం అక్షరం కనిపిస్తోంది. మూత అంచున లోపలికి వంగి గిన్నెను పట్టుకునే రేకు ముక్కల్లో రెండు బయటికి ఒరిగి ఉన్నాయి. తర్వాత కంపెనీవాళ్లు ఎత్తిన మూడు అభ్యంతరాలకీ జవాబు ఆ ఒక్క ఫోటోలోనే దొరికింది.

అది అర్థం కావాలంటే కుక్కర్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. లోపలి ఆవిరికి మామూలు దారి విజిల్ కింద గొట్టం. దానికి పప్పు నురగో, పొట్టో అడ్డంపడితే ఒత్తిడి, దాంతోపాటు వేడి పెరుగుతాయి. అప్పుడు సేఫ్టీ వాల్వ్‌లో ఉండే మిశ్రమలోహం కరిగి ఆవిరిని వదిలెయ్యాలి. చాలా మోడళ్లలో మూత అంచున ఒక చిన్న సందు కూడా ఉంటుంది. ఒత్తిడి మరీ పెరిగితే గాస్కెట్ ఆ సందులోంచి బయటికి పొంగి ఆవిరి పోతుంది. మూత దానంతటదే ఎగరాలంటే మామూలుగా ఈ దారులన్నీ మూసుకుపోవాలి. గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, నురగ వచ్చే పప్పులైతే సగానికే ఆపాలి. సేఫ్టీ వాల్వ్ మార్చాల్సి వస్తే స్టీలు సామాన్ల కొట్లో దొరికే పేరులేని వాల్వ్ వెయ్యొద్దు. దాంట్లో లోహం ఎంత వేడికి కరుగుతుందో అమ్మేవాడికే తెలియదు.

ఇక క్యాజువాలిటీ. కాలిన గాయాలతో పెళ్లయిన ఆడది వస్తే ఆసుపత్రివాళ్లు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పెడతారు. మా ఆయన్ని బయట నిలబెట్టి, హెడ్ కానిస్టేబుల్ నన్ను అడిగిన మొదటి మాట: "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయామ్మా? భయపడకుండా చెప్పు." ఒళ్లు మండుతుంటే ఆ ప్రశ్న ఇంకా మండించింది. చెప్పుల్లేకుండా నన్ను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని దొంగలా గోడకి నిలబెట్టారని ఏడుపొచ్చింది. అదే ప్రశ్న నిజంగా ప్రాణాలు కాపాడిన ఆడవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టి దాన్ని తప్పనలేను. ఆ పూట నేను చెప్పి వేలిముద్ర వేసిన వాంగ్మూలమే కేసులో నాకు మొదటి సాక్ష్యం అయింది.

అక్కడ తప్పు జరిగే చోటు వేరే ఉంది. డ్యూటీ డాక్టరు హడావుడిలో కేస్ షీట్‌లో "మంట అంటుకుని" అని రాసేస్తారు. ఆవిరికీ వేడి పదార్థానికీ కాలడం వేరు, నిప్పంటుకుని కాలడం వేరు. కాగితం మీద నిప్పు అని పడితే కుక్కర్ కంపెనీ లాయరుకి అంతకన్నా ఏం కావాలి? డిశ్చార్జి సమ్మరీలో మూడు విషయాలు సరిగా ఉన్నాయో లేదో ఇంటికెళ్లేముందే చూడాలి: ఎలా కాలింది, ఒంట్లో ఎంత శాతం కాలింది, ఎంత లోతున కాలింది. మన అరచెయ్యి వేళ్లతో కలిపి ఒంట్లో దాదాపు 1 శాతమని లెక్క. తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోవాలి. కేస్ షీట్ నకలు అడిగితే 72 గంటల్లోపు ఇవ్వాలన్నది డాక్టర్లకు వృత్తి నిబంధనల్లో ఉన్నదే.

వైద్యం గురించి పెద్దగా రాయను. టీటీ ఇంజెక్షన్, సెలైన్, రోజు మార్చి రోజు డ్రెస్సింగ్. డ్రెస్సింగ్‌కి అరగంట ముందు నొప్పి మందు వేయమని అడగండి, అడగకపోతే చాలాచోట్ల వెయ్యరు. రాయాల్సింది రెండో రాత్రి గురించి.

మొహం కాలితే వాపు మొదటి ఒకటి రెండు రోజులు పెరుగుతూనే పోతుందని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రానికి రెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. చీకటి. కళ్లు పోయాయనుకున్నాను. కంటి డాక్టరు పొద్దున్నే వస్తారన్నారు. చూడ్డానికొచ్చిన బంధువు ఒకావిడ, నేను నిద్రపోతున్నాననుకుని, మంచం పక్కనే నిలబడి మా అత్తయ్యతో అంది: "మొహం ఇట్లా అయ్యాక ఇంకేముందిలే వదినా, ఉన్నా లేకపోయినా ఒకటే." మా అత్తయ్య ఆవిణ్ణి వార్డు బయటికి తీసుకెళ్లింది. ఆ మాట మాత్రం రాత్రంతా నా దగ్గరే ఉంది. ఊపిరి తీస్తుంటే గొంతు దగ్గర బిగిసినట్టుంది, ఆవిరి లోపలికి కూడా పోయిందేమో, నిద్రపడితే మళ్లీ లేవనేమో అని కళ్లు మూసుకుపోయినా మెలకువగానే పడుకున్నాను. రెండింటికో మూడింటికో నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి, దూదిని సెలైన్‌లో తడిపి రెప్పలు మెత్తబరిచి, రెండు వేళ్లతో సందు చేసి, "పైన ఏముందో చెప్పండి" అంది. ట్యూబ్‌లైటు. దాని పక్కన బల్లి. చెప్పాను. "చూపు బాగానే ఉంది, వాపు దిగితే తెరుచుకుంటాయి. గొంతు మారితే మాత్రం వెంటనే పిలవండి" అని చెప్పి, తెల్లారేదాకా గంట గంటకీ వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడించి వెళ్లింది. ఆవిడ పేరు అడగలేదు. దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి.

ఇంటికొచ్చాక చర్మం మానడం ఒక ఎత్తు, మచ్చ గట్టిపడకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. మోచెయ్యి మడత దగ్గర కాలితే నొప్పి లేకుండా ఉంటుందని చెయ్యి మడిచి పెట్టుకుంటాం. అలాగే మానితే చర్మం ముడుచుకుపోయి ఇక చాపలేం. నొప్పి పుట్టినా రోజూ చాపాలి, ఫిజియోథెరపీ మానకూడదు. సిలికాన్ జెల్, బిగుతు తొడుగు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి, ఎండ తగలనివ్వకూడదు. వీటన్నిటి బిల్లులూ దాచాలి. కేసులో "ముందు ముందు అయ్యే వైద్యం ఖర్చు" అని అడిగేటప్పుడు అవే ఆధారం.

కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపారు. మర్యాదగానే వచ్చాడు. సంచి తెచ్చుకున్నాడు, కుక్కర్ తీసుకెళ్లి టెస్ట్ చేయిస్తామన్నాడు. ఒక కాగితం కూడా తెచ్చాడు, "పూర్తి సంతృప్తితో పరిష్కారమైంది" అని కింద అచ్చేసి ఉంది. కట్టుకట్టిన నా మొహం చూస్తూనే, "కొత్త కుక్కర్ ఇస్తామంటున్నాం కదమ్మా, పెద్ద సైజే ఇస్తాం, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. కుక్కర్ వాళ్ల చేతికి వెళ్తే కేసు లేదు. సంతకం పెట్టినా లేదు. చూడాలంటే మన ఇంట్లో, మన ఎదుట, వీడియో తీస్తుండగా చూసుకోమనాలి. ఆ తర్వాత కుక్కర్‌ని గుడ్డలో మూటకట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, తేదీ రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాలి.

కేసుకి కావలసిన చట్టం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. వస్తువు లోపం వల్ల మనిషికి హాని జరిగితే తయారీదారు, అమ్మినవాడు బాధ్యులని అందులో "ఉత్పత్తి బాధ్యత" పేరుతో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. బిల్లు మా మరిది పేరున ఉంది. ఫరవాలేదు, కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా వినియోగదారులే. దూరం పోనక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఇక్కడ చూసేది కుక్కర్ ధరే, మనం అడిగే పరిహారం కాదు. గడువు రెండేళ్లు. లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చెయ్యొచ్చు. అంతకుముందు వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే కంపెనీ ఇచ్చే జవాబు కూడా కాగితంగా పనికొస్తుంది. తర్వాత కంపెనీకీ కొట్టుకీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచాలి.

ఫిర్యాదులో జరిగినది తేదీల వారీగా, పొట్టిగా రాయాలి. ఏడుపు వద్దు, కొలతలు కావాలి: ఎన్ని లీటర్ల కుక్కర్, ఎంత పప్పు, ఎన్ని నీళ్లు, ఎన్నో విజిల్‌కి. కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు, దానితో ఉండే సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు రాసి, ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు చెల్లుతోందో లేదో చూసి ఆ స్క్రీన్‌షాట్ జతచెయ్యాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఇంట్లో వాడే కుక్కర్లకు ఆ గుర్తు తప్పనిసరి. డబ్బు విడివిడిగా అడగాలి: వైద్యం, ప్రయాణాలు, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలి, నా సంపాదన, నొప్పి, మచ్చ, ముందు ఖర్చు, కోర్టు ఖర్చు. నా సంపాదనకి జీతం కాగితాలుండవు కదా, ఆర్డర్ల పుస్తకం, ఫోన్‌పే లెక్కలు పెట్టాను. ఇక్కడో మెలిక ఉంది. చట్టంలో "హాని" నిర్వచనం నుంచి వ్యాపార, ఆర్థిక నష్టాన్ని మినహాయించారు, దాన్ని పట్టుకుని ఎదుటివాళ్లు వాదిస్తారు. అందుకని ఉత్పత్తి బాధ్యత కింద ఒకటే కాకుండా, నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి మామూలు పరిహారం కింద కూడా అడగాలి. ఆ సంపాదన పోవడానికి చెయ్యి కాలడమే కారణమని డాక్టరు సర్టిఫికెట్‌తో ముడిపెట్టాలి.

కేసు వేశాక కమిషన్ నోటీసు అందితే కంపెనీకి జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. కంపెనీ రాసినవి మూడు. ఒకటి, వేరే గాస్కెట్ వాడారు. వస్తువుని మార్చి వాడితే బాధ్యత ఉండదని చట్టంలో ఉంది నిజమే, కానీ ఫోటోలో వాళ్ల పేరే ఉంది. రెండు, ఒత్తిడి తగ్గకముందే మూత తీశారు. పిడి తిప్పి తీస్తే ఆ రేకు ముక్కలు జారి వస్తాయి, వంగవు. మూడు, గొట్టం శుభ్రం చెయ్యలేదు. గొట్టం మూసుకుపోయిన రోజు కోసమే కదా సేఫ్టీ వాల్వ్ పెట్టింది? వారంటీ అయిపోయిందని కూడా అన్నారు. తయారీ లోపం వల్ల ఒళ్లు కాలిన కేసుకి వారంటీతో పనిలేదు.

వస్తువుని ల్యాబుకి పంపమని కమిషన్‌ని పిటిషన్ పెట్టి అడగాలి, పరీక్ష రుసుము మనమే కట్టాలి. "లోపం ఉందా?" అని అడిగితే గోడమీద పిల్లిలాంటి జవాబు వస్తుంది. ప్రశ్నలు విడగొట్టి రాసివ్వాలి: సేఫ్టీ వాల్వ్ లోహం నిర్ణీత వేడికి కరుగుతుందా, మూత రేకు ముక్కలు వంగింది లోపలి ఒత్తిడికేనా, కుక్కర్లకు పెట్టిన ఐఎస్ 2347 ప్రమాణానికి ఇది సరిపోతుందా. నా కేసులో వాల్వ్ కరగాల్సిన వేడికి కరగలేదని నివేదిక వచ్చింది. చట్టం ప్రకారం ల్యాబు పరీక్ష ఉన్న కేసు అయిదు నెలల్లో తేలాలి. తేలదు. వాయిదాలకు వీడియోలో హాజరవుతామని ముందే అర్జీ పెట్టుకుంటే బస్సు ఖర్చయినా మిగులుతుంది. మధ్యవర్తిత్వానికి పిలిచినప్పుడు వెళ్లాను, వాళ్లు చెప్పిన అంకె వైద్యం బిల్లుకే సరిపోలేదు, వద్దన్నాను.

అడిగినంతా ఇవ్వలేదు. సంపాదన నష్టంలో కోత పెట్టారు, మచ్చకి ఇచ్చింది తక్కువని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ లోపం కంపెనీదే అని తీర్పులో రాశారు, వడ్డీ వేశారు. అప్పీలుకి 45 రోజులు, వెళ్లాలంటే కంపెనీ ముందు సగం డబ్బు కట్టాలి. కట్టకుండా, అప్పీలుకీ పోకుండా కూర్చుంటే మనం 71వ సెక్షన్ కింద అమలు పిటిషన్, 72వ సెక్షన్ కింద శిక్ష పిటిషన్ వెయ్యొచ్చు. తీర్పు అమలు చెయ్యనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నాకు అంతదూరం రాలేదు, గడువు చివర్లో డబ్బు జమచేశారు. అందులోంచి ముందుగా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి మా అత్తయ్య మొక్కు తీర్చాం. మిగిలినదాంట్లో మెడ మీది మచ్చకి వైద్యం ఇంకా నడుస్తోంది.