హైవే వదిలేశాక దొరికిన దారి

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, ఆఫీసు సిరిపురంలో. సైకిల్ కొన్న కొత్తలో ఇసుకతోట, మద్దిలపాలెం మీదుగా హైవే మీదే వెళ్లేదాన్ని. మూడో రోజు ఒక బస్సు స్టాప్ దగ్గర ఆపడానికి నా ముందుకు కోసుకొచ్చి జానెడు దూరంలో ఆగింది. చేతులు చాలాసేపు వణికాయి. సైకిల్ మానేయమని మా ఆయన అన్నారు. నేను ఆ రోడ్డు మానేశాను.

ఆదివారం ఉదయం ఆరింటికి లాసన్స్ బే కాలనీ మీదుగా బీచ్ రోడ్డుకి వెళ్లి చూశాను. పార్క్ హోటల్ నుంచి కోస్టల్ బ్యాటరీ వరకు ఆ వేళ వాహనాలు రానివ్వరు. నడిచేవాళ్లు, పిల్లలు, ఒక పక్కన సముద్రం. ఎంత హాయిగా ఉందో! కానీ సోమవారం తొమ్మిదింటికి అదే రోడ్డు మీద కార్లు దూసుకుపోతున్నాయి. పైగా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక అంచున పేరుకుని, బ్రేక్ వేస్తే చక్రం జారింది. దారిని ఆదివారం చూసి నమ్మకూడదు, మనం రోజూ వెళ్లే టైముకే చూడాలి.

అందుకని వారం రోజులు అరగంట ముందే బయల్దేరి, ఒక్కోరోజు ఒక్కో సందు తిరిగాను. చివరికి కుదిరింది ఇది: పెద వాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్, చిన వాల్తేరు, అక్కడి నుంచి సిరిపురం. పెద వాల్తేరు జంక్షన్‌లో మాత్రం దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటుతాను. కిర్లంపూడిలో చెట్ల నీడ, తక్కువ బండ్లు. ఆగి ఉన్న కార్లకు ఒక తలుపు తెరుచుకునేంత దూరం వదిలి తొక్కుతాను. సిరిపురం వైపు ఎత్తు ఉంది, చెమట పడుతుంది. పడనీ. గేరు తగ్గించుకుంటే ఎత్తు ఎక్కేయొచ్చు, వెనక నుంచి వచ్చే లారీని ఏం చేయగలం?

హైవే కంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ పది నిమిషాలూ టెన్షన్ లేదు. పని తొందరగా మొదలయ్యే రోజుల్లో తెల్లవారగానే బీచ్ రోడ్డు పట్టుకుని, పాండురంగాపురం డౌన్ అనే వాలు రోడ్డు ఎక్కి వెళ్తాను.

మొన్న ఆఫీసులో ఒకమ్మాయి, "అక్కా, నేనూ వస్తాను, దారి చూపిస్తారా?" అంది. బుధవారం తొమ్మిదింటికి రమ్మన్నాను.