మా కొట్టం గుంజకు తుమ్మెద తొలిచిన బొక్క

మొన్న బతుకమ్మకు ఊరికి పోయిన, మాది పరకాల దిక్కు. పొద్దుగాల్నే తంగేడు పువ్వు తెద్దామని అమ్మ, నేను బయల్దేరినం. నా చిన్నప్పుడు ఇంటెనక ఒడ్డు మీదికి పోతే చాలు బుట్ట నిండేది, ఇప్పుడు పత్తి చేన్లన్నీ దాటుకుంట చెరువు కట్ట దాకా నడిచినం. అక్కడ ఒక పొద మంచిగ పూసి ఉంది, దాని మీద ఒక నల్ల తుమ్మెద. నేను బుట్ట కింద పెట్టి అక్కడ్నే కూసున్న, అమ్మ కోస్తనే ఉంది.

తుమ్మెద తంగేడు మీద ఏం చేస్తదో మీరెప్పుడన్నా దగ్గర నుంచి చూసిన్రా? ఎగిరొచ్చేటప్పుడు బుర్రుమని లావు చప్పుడు వస్తది, పువ్వు పట్టుకున్నంక రెక్కలు ఆగిపోతయి కానీ చప్పుడు ఆగదు, సన్నగ గట్టిగ జిమ్మని మోగుతది. కాళ్లతో పువ్వును అదుముకొని ఒళ్లంతా వణికిస్తది, పువ్వు కిందికి వంగుతది, పచ్చటి పొడి దాని పొట్ట మీద రాలుతది. తంగేడులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే, అది కూడా సన్న గొట్టాల్లాంటి సంచుల్లో ఉంటది, కొనకు చిన్న బొక్క. ఉప్పు డబ్బా బోర్లిచ్చి ఊపితే రాలినట్టు ఊపితేనే రాలుతది. వంకాయ పువ్వు, టమాట పువ్వు కూడా ఇదే తీరు. గాలికి కొంత కాస్తయి కానీ ఇట్ల ఊపేటోళ్లు వస్తే కాయ మంచిగ పడ్తది. మనం పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు.

ఈ విద్య బాగ వచ్చిన ఇంకో ఈగ బంబుల్‌బీ. డిక్షనరీల్లో దానికి కూడా తుమ్మెద అనే రాస్తరు, కానీ రెండూ వేరే. మన తుమ్మెద పొట్ట నున్నగ మెరుస్తది, కట్టెను తొలిచి అందుల ఉంటది. బంబుల్‌బీ ఒళ్లంతా బొచ్చు, ఎక్కువగ నేలల, పాత ఎలుక బొక్కల్ల గూడు పెడ్తది. హిమాలయాల్లో ఉంటది, యూరప్, అమెరికాల ఉంటది, మన దక్కన్‌ల లేదు. టమాటకు అది ఎంత అవసరమంటే 1980ల చివరి నుంచి యూరప్‌ల గ్రీన్‌హౌస్ రైతులు బంబుల్‌బీ పెట్టెలు కొనుక్కొని మరీ పెట్టుకుంటున్నరు.

దాని గురించి చదువుతుంటే నాకు నిజంగ బాధైంది. అది చలి కోసం తయారైన పురుగు. ఎగరాలంటే దాని రెక్కల కండలు దాదాపు 30 డిగ్రీలకు వేడెక్కాలె, అందుకని పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు కూసున్న కాడనే కండలు వణికిచ్చి ఒంట్ల వేడి పుట్టిచ్చుకుంటది, పువ్వును ఊపేది కూడా అవే కండలతోని. బొచ్చు ఆ వేడిని పోనియ్యదు. ఎండలు ముదిరినంక అదే బొచ్చు దానికి శత్రువైతది, మే నెలల ఉన్ని స్వెటర్ ఏసుకొని హన్మకొండ చౌరస్తాల నిలబడ్డట్టు. గూడు ఉడికిపోతే పని ఈగలు పూల మీదికి పోవుడు తగ్గించి గూట్లనే రెక్కలతోని విసురుకుంట కూసుంటయి, అట్లయితే పిల్లలకు తిండి తెచ్చేదెవరు?

2015ల ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, యూరప్, ఉత్తర అమెరికా కలిపి 67 బంబుల్‌బీ జాతులు, 110 ఏండ్లల్ల రాసి పెట్టిన 4 లక్షల పైచిలుకు రికార్డులు. వేడి పెరిగితే చాలా జీవులు ఉత్తరం దిక్కు జరుగుతయి కదా, ఇవి జరగలే. అవి ఉండే జాగల దక్షిణం అంచు మాత్రం కొన్ని చోట్ల 300 కిలోమీటర్ల దాకా చెరిగిపోయింది, ఉత్తరం అంచు ఉన్న కాడనే ఉంది. అంటే ఇల్లు ఒక పక్క నుంచి కూలుతుంటే ఇంకో పక్క అర్ర ఏసుకునే దారి లేదన్నట్టు. దక్షిణాన ఉన్న జాతులు సుమారు 300 మీటర్లు గుట్టల మీదికి ఎక్కినయట, గుట్ట ఎంత ఎత్తున్నా ఎక్కడో ఒక కాడ అయిపోతది. 2020ల ఇంకోటి వచ్చింది, ఒక చోట బంబుల్‌బీ బతికి ఉండే అవకాశం ఒక మనిషి తరంలనే సగటున 30 శాతం పైనే తగ్గిందని, ఉత్తర అమెరికాల అయితే 46 శాతం.

ఈ రెండింట్ల భూమి వాడకం లెక్క పక్కకు తీసినా వేడి దెబ్బ వేడిదే అని తేలింది. కానీ భూమి దెబ్బ చిన్నదేం కాదు. బ్రిటన్‌ల 1930ల నుంచి పూల గడ్డి మైదానాలు 97 శాతం పోయినయి, పొట్టి బొచ్చు బంబుల్‌బీ అనే జాతి అక్కడ అంతరించిందని 2000ల ప్రకటించిన్రు. నాకు అనిపించేది ఏందంటే, ఎండ దెబ్బ తగిలిన పురుగుకు జర నీడ, జర పువ్వు దగ్గర్ల దొరికితే తట్టుకుంటదేమో, మధ్యల అంతా దున్నేసి ఉంటే అది ఎటు పోతది?

ఇగ మన దగ్గరికి వస్తే, తుమ్మెద ఎండకు అలవాటు పడ్డదే. దానికి మనం లేకుంట చేస్తున్నది కట్టె, పువ్వు. మా ఊర్ల పత్తి ఒడ్డు దాకా పెడ్తున్నరు, ఒడ్డు మీద గడ్డి మందు కొడ్తున్నరు, గడ్డితో పాటు తంగేడు, గునుగు అన్నీ మాడిపోతున్నయి, రోడ్డు పక్క భూములేమో వెంచర్లై ఎర్ర మట్టి, సున్నం ఏసిన రాళ్లు. దూలాలు, వాసాలు ఉన్న ఇండ్లు పోయి స్లాబులొచ్చినయి, కాంక్రీట్ల తుమ్మెద ఏం తొలుస్తది? హన్మకొండల పండుగకు తంగేడు కట్టలు కొనుక్కుంటున్నం, మన రాష్ట్ర పువ్వు అది! కూలోళ్లు దొరకరు, కలుపు ఖర్చు మీద పడ్తదని మందు కొడ్తరు, రైతు బాధ నాకు తెల్వంది కాదు, మా బాపు కూడా కొడ్తడు. కానీ పంట లేని ఒడ్డు మీద ఎందుకే బాపూ అని ఈసారి గట్టిగనే అడిగిన. ఏం మాట్లాడలే, చెరువు దిక్కు ఒడ్డు మాత్రం ఇడ్సిపెడ్తనన్నడు.

కొట్టం పాతదై పోయినేడు ఇప్పేసినం, గుంజలన్నీ పొయ్యిలకే. ఒక గుంజకు ఏలు పట్టేంత గుండ్రటి బొక్క ఉంది, వడ్రంగి బర్మా పెట్టి తీసినంత సాపుగ. తుమ్మెద కట్టెను తినదు, తొలిచి పొట్టు బయట పడేస్తది, లోపల పుప్పొడి ముద్ద పెట్టి దాని మీద గుడ్డు పెట్టి ఆ పొట్టుతోనే అడ్డం గోడ కడ్తది, మళ్ల ముద్ద, మళ్ల గుడ్డు, ఒక వరుసల అర్రలు. ఆ బొక్కల్నే మళ్ల మళ్ల వాడుకుంటయి కూడా. నేను చెప్తుంటే అమ్మ పొయ్యిల పెట్టబోయిన గుంజను తీసి బాయి కాడ వంకాయ మడి పక్కన గోడకు ఒరగబెట్టింది. వాన తగలకుంట పైన ఒక రేకు ముక్క పెట్టింది, నేను చెప్పలే, ఆమెకే తోచింది.

నిన్న ఫోన్ చేసి అన్ని సంగతులు మాట్లాడి, పెట్టేసే ముందు చెప్పింది, గుంజ కింద మెత్తటి పసుపు రంగు పొట్టు పడ్డది, ఊడ్వలే, ఫోటో తీస్కుంటవేమోనని అట్లనే ఉంచిన అని.