క్యాంటీన్ టోకెన్ దగ్గర నిలబడిన అబ్బాయి

బెంగళూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కొత్త పిల్లల కోసం పెట్టిన మూడు వారాల ఇండక్షన్‌లో ఇరవై మంది ఫస్టియర్ పిల్లలకు నన్ను మెంటార్‌గా వేశారు. హాబీలు, బలాలు, బలహీనతలు రాయించే ఫారం ఒకటి చేతికిచ్చారు. దాదాపు అందరూ బలహీనత దగ్గర ‘కమ్యూనికేషన్’ అనే రాశారు. ఆ ఫారాలు ఫైల్లో పెట్టి రెండు నెలలు ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ ఇరవై మందిలో ఒకడు, అనంతపురం అబ్బాయి కనిపించాడు. టోకెన్ కౌంటర్ దగ్గర నిలబడి, వెనకున్న వాళ్లందరికీ దారి ఇస్తున్నాడు. కాసేపటికి నీళ్లు తాగి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. పిలిచి నా క్యారేజీ ముందు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక చెప్పాడు: “కన్నడం రాదు మేడమ్. ఇంగ్లీషు నోట్లోంచి రాదు. నవ్వుతారేమో అని...”

రెండు నెలలుగా మధ్యాహ్నం పస్తే! ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో బెల్లు కొడితే తిని, బెల్లు కొడితే పడుకున్న పిల్లాడు. అడిగి తీసుకోవాల్సిన అవసరమే రాలేదు. మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, నాతో సహా.

అప్పటి నుంచి ఫారం పక్కన పెట్టేసి, ప్రతి గురువారం నాలుగింటికి అందరితో గ్రౌండు చుట్టూ నడవడం మొదలుపెట్టాను. నడుస్తూ ఒక్కటే అడిగేదాన్ని: “ఈ వారం కొత్తగా ఎవరితో మాట్లాడారు?” హాసన్ నుంచి వచ్చిన అబ్బాయి వీడికి “ఒందు ఊట కొడి అణ్ణా” (ఒక భోజనం ఇవ్వండి అన్నా) అని నేర్పాడు. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నేను పక్క టేబుల్ దగ్గరే ఉన్నాను. కౌంటర్‌లో ఆయన తలెత్తకుండానే టోకెన్ చింపి ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు. వాడు ఆ టోకెన్ను పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

తర్వాత వాణ్ని జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్‌లో చేర్పించాను. ఏడు రోజుల క్యాంపు ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లి వైపు ఒక ఊళ్లో పడింది. అటువైపు పెద్దవాళ్లు ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. ఇంటింటి సర్వేకు వెళ్తే కన్నడ పిల్లలు వీడి వెనకే తిరిగారు. “అవ్వా, బాగుండావా?” అంటూ అరుగు మీద కూర్చుని వీడే అన్నీ అడిగి రాయించాడు. అంత గట్టిగా మాట్లాడతాడని అప్పటిదాకా నాకు తెలియదు.

అన్నీ నడకతో తేలేవి కావు. ఇంకో అమ్మాయి వారాల తరబడి నిద్రపోవడం లేదని చెప్పింది. బతకాలని లేదంది. అది నా చదువుకు అందే విషయం కాదు. టెన్షన్ పడుతూనే నా గదిలో కూర్చోబెట్టి 14416కు ఫోన్ కలిపాను. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. 2022లో మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లతో మాట్లాడుతున్నంతసేపూ నేను తలుపు బయట కుర్చీలో ఉన్నాను. ఆ సాయంత్రమే, తన ఒప్పుకోలుతో, వాళ్లమ్మకు చెప్పాం. మర్నాడు ఆమె మొదటి బస్సుకే వచ్చి, కూతుర్ని బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్లింది.

మార్కుల కోసం నాకు ఫోన్ చేసే తల్లిదండ్రులను ఇప్పుడు నేనే ముందు అడుగుతున్నాను: “పిల్ల అన్నం తింటోందా, నిద్రపోతోందా, కనుక్కున్నారా?”

ఆ అమ్మాయికి మందులు సాగుతున్నాయి. గురువారాలు నడకకు వస్తుంది, అందరికంటే వెనక నడుస్తుంది. నేనూ అడుగు తగ్గించి పక్కన నడుస్తాను.