మామయ్య ఇల్లు, అత్తయ్య బీరువా

మా మామయ్య ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి తలుపు ఎక్కడుందో దొరకదు. రోడ్డు మీంచి చూస్తే ఒక రాతి గోడ, దాని మీద ఏ పూతా లేని కాంక్రీటు స్లాబు, అంతే. డెలివరీ కుర్రాళ్ళు ఫోన్ చేసి "సార్, ఇది గోడౌనా?" అని అడుగుతుంటారు. గోడ వెంబడి పదడుగులు నడిచి ఎడమకి తిరిగితే అప్పుడు కనిపిస్తుంది తలుపు. మామయ్య ఆర్కిటెక్ట్. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నాడు. డెబ్బైల చివర్లో, ఆటోవాళ్ళు కూడా అటు రామనే రోజుల్లో, జూబ్లీహిల్స్‌లో తన కోసం తనే గీసుకుని కట్టుకున్న ఇల్లది.

మా ఫ్లాట్‌లో అల్మరాల పని మొదలుపెట్టాం, ఇంటీరియర్ వాళ్ళు పంపిన బొమ్మలు చూస్తే హోటల్ గదుల్లా ఉన్నాయి, మామయ్య ఇంట్లో గోడలోనే కట్టేసిన అరలు ఎంత లోతున్నాయో కొలుచుకుందామని మొన్న మే నెలలో టేపు పట్టుకుని వెళ్ళాను. రెండు గంటల పని. నాలుగు రోజులు ఉండిపోయాను.

ఆ ప్లాటులో నైరుతి మూల ఏనుగంత రాతి గుండు ఒకటి ఉంది. చుట్టుపక్కల వాళ్ళందరూ వాళ్ళవాళ్ళ గుండ్లకి మందు పెట్టి పేల్చేసి నేల చదును చేసుకుంటే, మామయ్య మాత్రం గుండుని కదపకుండా ఇంటి గోడని తీసుకెళ్ళి దానికి ఆనించాడు. సగం గుండు బయట, సగం హాల్లో. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఇప్పుడంటే సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఈ రాళ్ళ కోసం ఒక సంఘమే ఉంది (1996లో మొదలైంది), కానీ అప్పట్లో ఇంట్లో గుండు పెట్టుకున్నవాడిని జనం ఎలా చూసుంటారో ఊహించుకోండి. తాతయ్య భయపడి వాస్తు పంతులుగారిని తీసుకొచ్చాడట. ఆయన చుట్టూ తిరిగి చూసి తెగ సంతోషపడ్డాడు. నైరుతిలో బరువుండాలి కదా, ఇంతకంటే బరువు ఎక్కడ దొరుకుతుంది! మామయ్యకి వాస్తు మీద కాణీ నమ్మకం లేదు. సాయంత్రపు ఎండ అటునుంచే కొడుతుంది, దానికి ఆ గుండు అడ్డం, అదీ ఆయన లెక్క. ఇద్దరూ చెరో కారణంతో ఒకే మూలకి చేరారు.

అయితే వానాకాలంలో గుండుకీ స్లాబుకీ మధ్య నుంచి నీళ్ళు కారేవి. తారు పూశారు, సీసం రేకు దిగ్గొట్టారు, ఏం చేసినా ఆగలేదు. చివరికి మేస్త్రీయే, ఆపడం మనవల్ల కాదు సార్, పోనిద్దాం అన్నాడట. తాండూరు బండల మధ్య అరచెయ్యి వెడల్పు కాలువ తీసి ఆ నీళ్ళని నడవాలో ఉన్న మొక్కల్లోకి మళ్ళించారు. ఇంటికొచ్చినవాళ్ళందరూ మెచ్చుకునేది దాన్నే. "ఎంత బాగా ఆలోచించారండీ" అంటే మామయ్య కాదనడు, ఊరుకుంటాడు.

ఇక్కడ ఇల్లు గీసేవాడికి అసలు తలనొప్పి పడమర వైపు. ఎండ మండేదీ అటునుంచే, జూన్ దాటాక గాలి వచ్చేదీ అటునుంచే. మూసేస్తే ఉబ్బ, తెరిస్తే పొయ్యి. అందుకని మామయ్య పడమర వైపు కిటికీలు పెట్టకుండా ఎనిమిదడుగుల వరండా, దాని చివర సిమెంటు జాలీ పెట్టాడు. ఇంకోటి, ఉత్తరం వైపు కిటికీలకీ లోతైన సన్‌షేడ్లున్నాయి. ఉత్తరం నుంచి ఎండ రాదు కదా అన్నాను తెలివిగా. మామయ్య నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి స్తంభం చూపించాడు. మన ఊళ్ళో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి స్తంభానికి నీడ ఉండదు, సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. ఆ రెండు రోజుల మధ్య మూడు నెలలూ మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తరం నుంచే పడుతుంది. యాభై ఏళ్ళొస్తున్నాయి, నాకీ సంగతి తెలీదు.

ఇంత తెలిసినాయన పైన మాత్రం ఉత్త స్లాబు వదిలేశాడు. సెంట్రింగ్ చెక్కల గుర్తులు కింద నుంచి కనిపించాలని మురిసిపోయాడు కానీ, పగలంతా కాగిన ఆ స్లాబు రాత్రి పదింటికి వేడి కక్కడం మొదలుపెట్టేది. మేడ మీద పడగ్గది వేసవిలో ఎవరికీ పనికొచ్చేది కాదు, పిల్లలమంతా కింద గుండు పక్కనే చాపలేసుకుని పడుకునేవాళ్ళం. 

మామయ్య చదువుకునే రోజుల్లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ కట్టడాలు చూడ్డానికి బస్సెక్కి వెళ్ళేవాడట. ఆఫీసు గీసింది చార్లెస్ కొరియా, ఉద్యోగుల కాలనీ గీసింది బి.వి. దోషి. ఆ దోషి అభిమానంతోనే ఎనభైల్లో అత్తయ్యని వెంటబెట్టుకుని అహ్మదాబాద్ వెళ్ళాడు. దోషి తన కోసం 1980లో కట్టుకున్న ఆఫీసు, సంగత్, దాని కప్పుల మీదంతా తెల్లటి పింగాణీ ముక్కలు అతికించి ఉంటాయి, ఎండ పడింది పడ్డట్టు వెనక్కి పోతుంది. తిరిగొచ్చాక మామయ్య టైల్స్ షాపుల్లో పగిలిన తెల్ల ముక్కలు బస్తాలకొద్దీ తెచ్చి మన స్లాబు మీద పరిపించాడు. ఆ ఏడాది నుంచి పడగ్గదిలో మనుషులు పడుకోవడం మొదలైంది.

అత్తయ్య మాత్రం అదే ప్రయాణం నుంచి ఇంకోటి తెచ్చుకుంది. దోషి 1963లో అహ్మదాబాద్‌లో తన కుటుంబం కోసం ఇటుకలతో కట్టుకున్న ఇంటికి భార్య పేరు పెట్టాడు, కమల హౌస్. గేటు బయట నుంచి అది చూసి వచ్చిన రోజు రాత్రి రైల్లో అందట: "ఆయన ఇంటికే పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు. మీరు నా బీరువాకి చోటు పెట్టలేకపోయారు."

బీరువా సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో సోఫా జరపడానికి లేదు, అది సిమెంటుతో పోసి నేలకి అతికించినది. మంచాలూ అంతే. బట్టలకి గోడలో అరలు. అంటే బయట నుంచి ఒక్క సామాను కూడా లోపలికి రాకూడదన్నమాట. అత్తయ్య పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన నిలువుటద్దం బీరువా లారీలో వచ్చి దిగితే, దాన్ని ఆనించడానికి ఇల్లంతా వెతికినా ఒక్క గోడ ఖాళీ లేదు. వేరేవాళ్ళకి ఇల్లు గీసేటప్పుడు బిందెలెన్ని, పచ్చడి జాడీలెన్ని అని గంటలకొద్దీ అడిగే మనిషి, సొంత ఇంటికి భార్యని ఒక్క ముక్క అడగలేదు. నన్నడిగితే ఆయన గీసిన ఇళ్ళన్నిటిలోకీ మిగతావాళ్ళ ఇళ్ళే బాగుంటాయి, ఇదీ కారణం.

చివరికి బీరువా నడవా చివర నిలబడింది. తలుపు తీయగానే సూటిగా గుండు కనిపించాలని మామయ్య గీసిన దారికి సరిగ్గా అడ్డంగా. నలభై ఏళ్ళ పైనైంది, అక్కడే ఉంది.

నాలుగో రోజు ఆ నడవా కొలుస్తుంటే బీరువా గోడకి సమంగా లేదని గమనించాను. ఒక చివర గోడకి ఆని ఉంది, రెండో చివర నాలుగు వేళ్ళ సందు. "బండలు ఎత్తుపల్లాలురా, ఎన్నిసార్లు సర్దినా అలాగే జరుగుతుంది" అంది అత్తయ్య వంటింట్లోంచి. సరే సర్దుదామని భుజం పెట్టాను. మామయ్య పేపరు దించకుండానే, "వదిలెయ్‌రా, కదపకు" అన్నాడు.

ఎందుకో అర్థం కాక వీధి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. బీరువా అద్దంలో గుండు, మొత్తం, పైనుంచి కిందిదాకా.

అత్తయ్యకి చెప్పలేదు.