రెండో ట్రాన్స్‌ఫర్ విఫలమయ్యాక తిరుకరుగావూర్ యాత్ర

ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భాశయంలో పెట్టడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. మా రెండో ట్రాన్స్‌ఫర్ తర్వాత పన్నెండో రోజు బీటా (గర్భం వచ్చిందా అని చూసే హెచ్‌సీజీ హార్మోన్ రక్తపరీక్ష) 46 వచ్చింది. 48 గంటలాగి మళ్ళీ చేయిస్తే 31. మొదట్లో ఆ అంకె రెండు రోజులకి ఇంచుమించు రెట్టింపవ్వాలి, తక్కువలో తక్కువ సగమైనా పెరగాలి. తగ్గిందంటే పిండం అతుక్కుంది గానీ నిలవలేదని. దీన్నే బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. గర్భం నిలవడానికి వాడుతున్న హార్మోన్ మందు ప్రొజెస్టరాన్ ఆపేయమన్నారు. ఆ సాయంత్రమే తమిళనాడులో కుంభకోణం దగ్గర గర్భరక్షాంబిక గుడి ఉన్న తిరుకరుగావూర్ వెళ్ళాలని అనుకున్నాం, కానీ టికెట్ తీయలేదు.

తీయకపోవడానికి రెండు కారణాలున్నాయి. ప్రొజెస్టరాన్ ఆపాక నెలసరి మామూలుగా 3 నుంచి 7 రోజుల్లో వస్తుంది, ఏ రోజున అన్నది ఎవరూ చెప్పలేరు. మందులతో మందంగా పెంచిన గర్భాశయం లోపలి పొర కాబట్టి రక్తస్రావం, నొప్పి రెండూ ఎప్పటికంటే ఎక్కువే. అంత దూరం వెళ్ళి గుడి బయట కూర్చోవాల్సి వస్తే ఆ బాధ మాటల్లో చెప్పలేం. రెండోది ఇంకా ముఖ్యం. బీటా మెల్లగా తగ్గుతున్నా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగినా పిండం గర్భాశయంలో కాకుండా పక్కనుండే ఫాలోపియన్ ట్యూబులో ఉండి ఉండొచ్చు. రాత్రి రైల్లో ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని బీటా 5 లోపుకి దిగిందని కాగితం మీద చూసుకున్నాకే ప్రయాణం పెట్టుకోండి. పొత్తికడుపులో ఒక పక్కనే పోటు, భుజం నొప్పి, కళ్ళు తిరగడం వీటిలో ఏది కనిపించినా యాత్ర మానేసి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మేం నెలసరి మొదలైన తొమ్మిదో రోజుకి టికెట్లు తీశాం. ఎనిమిది నుంచి పద్దెనిమిదో రోజు దాకా అనువైన సమయమని ఇప్పుడు అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాం.

విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్, అక్కణ్ణుంచి ఆటోలో ఎగ్మూర్, రాత్రికి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కుంభకోణం. తిరుకరుగావూర్ అక్కడికి 20 కిలోమీటర్లు, పాపనాశం స్టేషన్‌కైతే ఇంకా దగ్గర. మధ్యాహ్నం గుడి మూసేసి మళ్ళీ సాయంత్రం నాలుగుకి తెరుస్తారు కాబట్టి పొద్దున్నే చేరుకోవడం మేలు. అర్చనకి గోత్రం కంటే నక్షత్రం, రాశి అడుగుతారు. ఇద్దరివీ చీటీ మీద రాసి పెట్టుకోండి, భాష రాకపోయినా పని జరిగిపోతుంది.

తమిళంలో 'కరు' అంటే గర్భంలోని పిండం, 'కా' అంటే కాపాడు. పిండాన్ని కాపాడే ఊరని ఆ పేరులోనే ఉంది. స్వామి ముల్లైవననాథర్. పుట్టమన్ను లింగం, అందుకని నీళ్ళతో అభిషేకం ఉండదు, పునుగు పూస్తారు. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామికి పూసే పునుగు మనకి తెలిసిందే. అమ్మవారు గర్భరక్షాంబిక, ఒక చెయ్యి పొట్ట కింద ఆనించుకుని నిలబడి ఉంటుంది.

స్థలపురాణం నిధ్రువ మహర్షి భార్య వేదిక గురించి. నెలలు నిండుతున్న మనిషి, అలసటతో పడుకుని, ఊర్ధ్వపాదుడనే ముని వాకిట్లోకి రావడం గమనించలేదు. ఆయన శపిస్తే గర్భం జారిపోయింది. అమ్మవారు ఆ పిండాన్ని కుండలో పెట్టి బిడ్డయ్యేదాకా కాపాడింది. ఈ కథలో మా మనసు ఆగిన చోటు ఒకటే: నువ్వెందుకు పడుకున్నావని అమ్మవారు వేదికని అడగలేదు. గర్భం పోయిన ఆడవాళ్ళందరూ తమని తాము అడుక్కునే ప్రశ్న అదే. మెట్లెక్కానా, బండి మీద వెళ్ళానా, బొప్పాయి తిన్నానా అని. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం పైన పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. ఆ తేడా చాలావరకు అండంలోనే, ట్రాన్స్‌ఫర్‌కి ముందే ఏర్పడి ఉంటుంది.

అయితే కారణం వెతకొద్దని కాదు. మా మొదటి ట్రాన్స్‌ఫర్‌లో ఎనిమిదో వారం గుండె చప్పుడు ఆగిపోయింది. గర్భసంచి శుభ్రం చేసే డి అండ్ సి చేసినప్పుడు ఆ కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేశారు. అందులో వేస్తే కణాలు చచ్చిపోతాయి, క్రోమోజోముల కల్చర్ పరీక్షకి పనికిరాదు. స్టెరైల్ సెలైన్‌లో వేసి అదే రోజు ల్యాబుకి పంపాలి. అడగాలని మాకు తెలియదు, వాళ్ళు చెప్పలేదు. ఆ జవాబు మాకు దొరకలేదు. మీకు ఆ అవసరం రాకూడదు. వస్తే థియేటర్‌లోకి వెళ్ళేముందే "సెలైన్‌లో పెట్టండి, జెనెటిక్ టెస్టుకి పంపాలి" అని నర్సుకి, డాక్టరుకి ఇద్దరికీ చెప్పండి.

పిల్లల కోసం మొక్కుకునేవాళ్ళు అమ్మవారి సన్నిధి గడపకి నెయ్యి రాసి ముగ్గు వేస్తారు. రాయి ఏళ్ళ తరబడి నెయ్యి తాగి నల్లగా, నున్నగా ఉంది. నెయ్యి ఎక్కువైతే ముగ్గుపిండి ముద్ద కట్టి గీత సాగదు. అరచేత్తో పల్చగా, తడి తెలిసేటంతే రాయాలి. లేచేటప్పుడు కాలు జారుతుంది, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

ప్రసాదంగా ఇచ్చే నెయ్యి కొంచెమే. దాన్ని అర కిలో నెయ్యిలో కలుపుకుని, రాత్రి పడుకోబోయే ముందు భార్యాభర్తలిద్దరూ 48 రోజులు తీసుకోమన్నారు. లెక్కేస్తే ఇద్దరికీ కలిపి రోజుకి పది గ్రాములు, అంటే తలా ఓ చెంచా. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) వల్ల డైట్‌లో ఉన్నవాళ్ళు ఆ రోజు వంటలో అంత నూనె తగ్గించుకుంటే సరిపోతుంది. ఇక్కడే ఆముదం కూడా ఇస్తారు. అది నిండు గర్భిణికి, నొప్పులప్పుడు పొట్ట మీద పైపైన రాయడానికి. తాగకూడదు. నెయ్యి సీసా, ఆముదం సీసా పక్కపక్కన పెట్టకండి.

మందుల మధ్యలో తప్పనిసరై ప్రయాణం చేసేవాళ్ళుంటారు. వాళ్ళకి కొన్ని మాటలు. హార్మోన్ ఇంజెక్షన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కానీ గడ్డ కట్టకూడదు. ఐస్‌ప్యాక్‌కీ పెన్నుకీ మధ్య చిన్న తువ్వాలు చుట్టండి. లాడ్జి గదిలో తాళం కార్డు తీస్తే చాలాచోట్ల ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది, దర్శనానికి వెళ్ళేముందు రిసెప్షన్‌లో అడిగి చూసుకోండి. ట్రిగ్గర్ (అండాలు పక్వమయ్యేందుకు వేసే ఆఖరి ఇంజెక్షన్) వేసుకున్నాక 34 నుంచి 36 గంటలకి పికప్ (అండాలు బయటికి తీయడం) ఉంటుంది, కాబట్టి ట్రిగ్గర్ రోజుకి ఊళ్ళో ఉండి తీరాలి. పికప్ అయిన వారం మాత్రం ఎక్కడికీ వద్దు. మాకు మొదటి సైకిల్‌లో 22 అండాలొచ్చాయి, ఓహెచ్ఎస్ఎస్ (మందులకి అండాశయాలు అతిగా స్పందించి ఉబ్బిపోవడం) భయంతో అన్నీ ఫ్రీజ్ చేశారు. పొట్ట ఉబ్బడం, రోజుకి కిలో చొప్పున బరువు పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం ఆ సమస్యకి గుర్తులు. ఉబ్బిన అండాశయం మెలిపడే ప్రమాదమూ ఉంది, అందుకే మెట్ల మొక్కులు, అంగప్రదక్షిణలు అప్పుడు పెట్టుకోకండి. ఉపవాసమున్నా థైరాయిడ్ మాత్ర మానొద్దు, అది ఎలాగూ పరగడుపునే వేసుకునేది.

తిరిగొచ్చాక నెయ్యి మొదలుపెట్టిన పదిహేడో రోజున నెలసరి వచ్చింది. రెండో రోజు స్కాన్‌కి వెళ్ళాం. అండాశయాల్లో సిస్టులు లేవు, పొర పల్చగా ఉంది, పొరని పెంచే ఈస్ట్రడయాల్ మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి పొర కనీసం 7 మిల్లీమీటర్లయితేనే ట్రాన్స్‌ఫర్, లేకపోతే సైకిల్ ఆపేసి మళ్ళీ చూద్దామన్నారు. నెలసరి ఐదు రోజులూ ఆడవాళ్ళు నెయ్యి తీసుకోకూడదట, మా ఆయన ఒక్కరే తీసుకున్నారు. ఆరో రోజు నుంచి మళ్ళీ రెండు చెంచాలు.